ఎకరం లెక్కన ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది?

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు ఈశాన్య భాగంలో పాయిన్‌సెట్ కౌంటీ ఉంది. మిసిసిపీ వరదలు తెచ్చి పోసిన మెత్తటి నేల అది. ఒకప్పుడు కనుచూపు మేరా పత్తి ఉండేది, ఇప్పుడు ఎక్కువగా వరి, సోయా. అమెరికా పండించే బియ్యంలో దాదాపు సగం ఆర్కన్సాదే, ఆ రాష్ట్రంలో వరి సాగుకు ముందు వరుసలో నిలిచే కౌంటీల్లో ఇదొకటి. ఇలాంటి కౌంటీలో రైతు ఆదాయానికి రెండు దారులు: పంట ధర, వాషింగ్టన్ నుంచి వచ్చే చెల్లింపు. ధర పడిన ఏడాది రెండోదాని బరువు పెరుగుతుంది. బ్యాంకు మేనేజరు అప్పు ఇచ్చే ముందూ, ట్రాక్టరు డీలరు బేరం మాట్లాడే ముందూ ఈ ఏడు ప్రభుత్వం ఎంత ఇస్తుందని ఆరా తీస్తారు.

రైతుకు ప్రభుత్వం నేరుగా డబ్బు ఇవ్వడం తెలుగువాళ్ళకు ఇప్పుడు కొత్త విషయం కాదు. తెలంగాణలో రైతుబంధు వచ్చిన నాటి నుంచి ప్రతి ఎన్నికలోనూ ఎకరాకు ఎంత అన్న పాట నడుస్తూనే ఉంది. వాదన మాత్రం ఇవ్వాలా వద్దా, ఇంత చాలా ఇంకా పెంచాలా అన్న చోటే ఆగిపోతోంది. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బును దేన్ని కొలిచి ఇస్తున్నారు? మనిషినా, పంటనా, నష్టాన్నా, నేలనా? నేలను కొలిచి ఇచ్చిన డబ్బు కాలక్రమంలో నేల ఎవరిదో వాళ్ళకే చేరుతుంది. చెక్కు మీద ఎవరి పేరున్నా అంతే. తొంభై ఏళ్ళ అమెరికా అనుభవం నాకు చెబుతున్నది ఇదే. మనకు ఏడెనిమిదేళ్ళ అనుభవం ఉంది, కాబట్టి వాళ్ళ తొంభై ఏళ్ళూ తిరగేసి చూడటం మనకు అవసరం.

కథ 1933లో మొదలవుతుంది. 1929లో పౌను సుమారు 17 సెంట్లు పలికిన పత్తి మూడేళ్ళకే 6 సెంట్ల దగ్గరికి పడిపోయింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ కలిసి తెచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం ఆలోచన సూటిగానే ఉంది: పంట తగ్గిస్తే ధర పెరుగుతుంది, తగ్గించినందుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కానీ చట్టం వచ్చింది మే నెలలో, అప్పటికే పత్తి మొలిచి ఉంది. దాంతో ఆ వేసవిలో కోటి ఎకరాలకు పైగా నిలిచి ఉన్న పత్తిని దున్నేశారు. సాళ్ళ మధ్య నడవడమే నేర్చిన కంచరగాడిదలు మొక్కల మీద కాలు పెట్టడానికి మొరాయించాయని అప్పటివాళ్ళు చెప్పుకున్నారు.

పరిహారం వచ్చింది, ధర కూడా కొంత లేచింది. అయితే దక్షిణాదిలో పత్తిని ఎక్కువగా పండించింది భూమి ఉన్నవాళ్ళు కాదు. పాలుకు చేసుకునే కుటుంబాలు పండించాయి, వాటిలో నల్లవాళ్ళూ ఉన్నారు, తెల్లవాళ్ళూ ఉన్నారు. ఒప్పందం మాత్రం భూస్వామితో, డబ్బు ముందు చేరేదీ అతని చేతికే. పాలికాపుకు అతని వాటా అతనే పంచాలి. విస్తీర్ణం తగ్గించినందుకు డబ్బు వస్తున్నప్పుడు, తగ్గిన పొలానికి అంతమంది పాలికాపులు ఎందుకు? 1934–35 పత్తి ఒప్పందంలో ఏడో సెక్షన్ ఈ ముప్పును పట్టించుకుంది కూడా. ఎప్పుడూ ఉండేంత మంది కౌలుదార్లనే యజమాని ‘వీలైనంత వరకు’ ఉంచుకోవాలని అందులో రాశారు. ఆ రెండు మాటల సందులోంచి వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

పాయిన్‌సెట్ కౌంటీలోని టైరోంజా అనే చిన్న ఊళ్ళో ఒక తోటలోంచి కుటుంబాలను వెళ్ళగొట్టిన తర్వాత, 1934 జులైలో పదకొండు మంది తెల్లవాళ్ళు, ఏడుగురు నల్లవాళ్ళు కలిసి కూర్చుని దక్షిణ కౌలు రైతుల సంఘం పెట్టారు. ముందు నిలిచినవాళ్ళు బట్టలు ఉతికి ఇచ్చే దుకాణం నడిపే హెచ్.ఎల్. మిచెల్, పెట్రోలు బంకు నడిపే క్లే ఈస్ట్. రంగు గీత దాటి ఒకే సంఘంలో చేరడమే అక్కడ అప్పట్లో ప్రాణం మీదికి వచ్చే పని. రాత్రిపూట దాడులు జరిగాయి, మీటింగులు చెదరగొట్టారు. అయినా సంఘం వేల మందికి పాకింది. ఆ చట్టాన్ని అమలు చేసే వ్యవసాయ సర్దుబాటు సంస్థ న్యాయ విభాగంలో కొందరు లాయర్లు వీళ్ళ పక్షాన నిలబడి, కౌలుదార్ల సంఖ్యను నిలబెడితే చాలదు, ఆ మనుషుల్నే ఉంచాలి అని ఒప్పందానికి అర్థం చెప్పారు. 1935 ఫిబ్రవరిలో ఆ విభాగాధిపతి జెరోమ్ ఫ్రాంక్‌నూ, ఆయన సహచరులు కొందర్నీ ఉద్యోగాల నుంచి తీసేశారు. మిచెల్, ఈస్ట్ దుకాణాలున్న ఆ కట్టడం ఇప్పుడు కౌలు రైతుల మ్యూజియం. దాని చుట్టూ ఉన్న కౌంటీకి చెల్లింపులు నేటికీ వస్తూనే ఉన్నాయి. తీసుకునేవాళ్ళు మాత్రం చాలా తగ్గారు. 1935లో అమెరికా అంతటా 68 లక్షల కమతాలుండేవి, 2022 లెక్కలకు 19 లక్షలు మిగిలాయి. అన్నీ ఈ చెల్లింపుల వల్ల పోయాయని అనను. ట్రాక్టరు వచ్చింది, పత్తి ఏరే యంత్రం వచ్చింది, పట్నాల్లో కూలి పెరిగింది. కానీ మొదటి ట్రాక్టర్లు కొనడానికి చాలామంది భూస్వాములకు చేతిలో రొక్కం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

ఆ తర్వాతి ఆరు దశాబ్దాల చట్టాలను గబగబా దాటేయవచ్చు: గిట్టుబాటు ధర లెక్కలు, గోదాముల్లో పేరుకున్న ధాన్యం, 1973 తర్వాత లక్ష్య ధరకూ మార్కెట్ ధరకూ తేడా చెల్లించే పద్ధతి. 1996లో మాత్రం పెద్ద మలుపు వచ్చింది. దాదాపు ఏ పంట వేసినా, అసలు వేయకపోయినా, గతంలో ఆ భూమిలో ఏముండేదో దాని లెక్కన డబ్బు ఇస్తామన్నారు. రైతుకు స్వేచ్ఛ, మార్కెట్‌కు వక్రీకరణ ఉండదు అని ఆర్థికవేత్తలు మెచ్చుకున్నారు. కాగితం మీద ఆ వాదన సబబుగానే ఉంటుంది. పొలంలో ఏం జరిగిందో చూడాలంటే కౌంటీ ఆఫీసు ఇచ్చే ఒక కాగితాన్ని దగ్గరగా చూడాలి.

మన పహాణీ లాంటిదే అది. పైన కమతం నంబరు, దాని కింద తునక నంబరు, సాగుభూమి ఎంత, ఆపైన పంటల వారీగా ‘బేస్ ఎకరాలు’, వాటి పక్కనే ఒక దిగుబడి అంకె. ఈ బేస్ ఎకరం ఎప్పుడో పాత ఏళ్ళ సాగును బట్టి భూమికి అంటించిన గుర్తు. ఒక పొలానికి వరి బేస్ 100 ఎకరాలు, ఎకరాకు దిగుబడి 50 నూరుపౌన్లు అని ఉందనుకుందాం. 2025కు ముందు చట్టం పెట్టిన ఆధార ధర నూరుపౌన్లకు 14 డాలర్లు, ఆ ఏడు మార్కెట్ సగటు 12 అయితే తేడా 2 డాలర్లు. దాన్ని 50తో, బేస్‌లో 85 శాతమైన 85 ఎకరాలతో గుణిస్తే 8,500 డాలర్లు. ఈ లెక్కలో ఎక్కడా ఈ ఏడు ఆ పొలంలో వరి వేశారా అన్న ప్రశ్నే లేదు. సోయా వేసినా వరి డబ్బు వస్తుంది. భూమి అమ్మితే ఆ బేస్ భూమి వెంటే పోతుంది, కొన్నవాడు ఆ విలువను ధరలో కలిపి కొంటాడు.

ఈ పద్ధతి ఎంత దూరం పోయిందో 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక బయటపెట్టింది. 2000 నుంచి కనీసం 130 కోట్ల డాలర్లు సాగు చేయనివాళ్ళకు చేరాయని తేల్చింది. టెక్సస్‌లో ఎల్ కాంపో దగ్గర పాత వరిపొలాలు ఇళ్ళ స్థలాలయ్యాయి, పచ్చిక పెంచుకునే పెరటికి కూడా వరి చెల్లింపు అందింది. అంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటి. డబ్బు పంటతో పనిలేకుండా వస్తోంది కాబట్టి కొందరు యజమానులు కౌలుదార్లను పంపేసి, వరి మానేసి, పశువుల్ని తోలుకున్నారు. 1934లో టైరోంజాలో జరిగిందే డెబ్బై ఏళ్ళ తర్వాత పక్క రాష్ట్రంలో మళ్ళీ జరిగింది. 2008 చట్టం పది ఎకరాల కంటే తక్కువ బేస్ ఉన్న చాలా కమతాలకు చెల్లింపు ఆపింది. 2014లో ఏటా దాదాపు 500 కోట్ల డాలర్ల ఆ నేరు చెల్లింపులను ఎత్తేశారు. బేస్ ఎకరం మాత్రం చెక్కుచెదరలేదు, కొత్త పథకాలు కూడా దాని మీదే నిలబడ్డాయి.

పరిమితులు లేవా అంటే ఉన్నాయి. 1970 నుంచీ మనిషికి ఇంత మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది. అయితే ఒకే పొలాన్ని ఎన్నో భాగస్వామ్యాలుగా, కంపెనీలుగా కొమ్మలు కొమ్మలుగా విడదీసి చూపడం 1980ల్లో ఎంతగా ముదిరిందంటే, అలాంటి పటాలకు మిసిసిపీ క్రిస్మస్ చెట్టు అనే పేరే వచ్చింది. 1987లో ‘సాగులో చురుగ్గా పాల్గొనాలి’ అన్న షరతు పెట్టారు. ఫోనులో నిర్వహణ చూసుకుంటున్నాను అన్నా పాల్గొన్నట్టే లెక్క కుదిరింది. 2018 చట్టం పినతండ్రి పిల్లలను, మేనల్లుళ్ళను కూడా కుటుంబంలో కలిపి ద్వారం ఇంకా వెడల్పు చేసింది. తనిఖీ ఎంత సడలిందో చెప్పడానికి ఒక్క అంకె చాలు: 1999–2005 మధ్య 1,72,801 మంది మరణించినవారి పేర 110 కోట్ల డాలర్లు వెళ్ళాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2007లో చెప్పింది. ఆ మొత్తంలో 40 శాతం, చనిపోయి మూడేళ్ళు, అంతకంటే ఎక్కువ అయినవాళ్ళ పేరున వెళ్ళింది.

ఇక కౌలు సంగతి. ఇక్కడ అమెరికా చట్టం మనకంటే మెరుగ్గా ఉందని ఒప్పుకోవాలి. పంట నష్టం ఎవరు భరిస్తే డబ్బు వాళ్ళకే. పాలుకు ఇస్తే వాటా ప్రకారం ఇద్దరికీ వస్తుంది. రొక్కం కౌలుకు ఇస్తే యజమానికి పైసా రాదు, మొత్తం కౌలుదారుకే. ముప్పైల్లో నేర్చుకున్న పాఠం చట్టంలో కనిపిస్తుంది. అయినా ఆర్థికవేత్త బారెట్ కిర్వాన్ 2009 పరిశోధనలో తేలిందేమిటంటే, ఒక డాలరు చెల్లింపులో సుమారు పాతిక సెంట్లు కౌలు పెరుగుదల రూపంలో యజమానికి చేరుతున్నాయి. ఇతర అధ్యయనాల్లో ఇంకా ఎక్కువ కనిపించింది. బేస్ బాగున్న పొలానికి నలుగురు కౌలుదార్లు పోటీ పడితే కౌలు పెరగక తప్పదు. అమెరికా సాగుభూమిలో 40 శాతం దాకా కౌలు మీదే ఉంది, అందులో ఎక్కువ భాగం తాము సాగు చేయని యజమానులది. అయోవాలో సాగుభూమి మూడింట రెండొంతులు 65 ఏళ్ళు దాటినవాళ్ళ చేతుల్లో ఉంది. కొత్తగా సాగులోకి రావాలనుకునే ఇరవై ఏళ్ళ కుర్రాడు పెరిగిన భూమి ధరనూ, పెరిగిన కౌలునూ ఎదుర్కోవాలి. ఆ పెంపులో కొంత అతని పేరు చెప్పి ప్రభుత్వం ఇచ్చిన డబ్బే.

డబ్బు ఎవరి చేతుల మీదుగా పోతుందన్నది కూడా తక్కువ సంగతి కాదు. చెల్లింపులు, అప్పులు కౌంటీ కమిటీల ద్వారా నడిచాయి. రైతులే రైతుల్ని ఎన్నుకునే కమిటీలు ఇవి, వినడానికి ఎంతో ప్రజాస్వామికం. దక్షిణాదిలో దశాబ్దాల పాటు ఆ కమిటీల్లో నల్లవారికి చోటే లేకపోయింది. 1965లోనే పౌరహక్కుల కమిషన్ దీన్ని నివేదికగా రాసింది. విత్తే కాలం దాటాక మంజూరయ్యే అప్పు, దొరకని దరఖాస్తు ఫారం, పొరుగు తెల్ల రైతుకు ఇచ్చినదానికంటే తక్కువ మొత్తం. 1997లో నల్ల రైతులు ప్రభుత్వం మీద పిగ్‌ఫర్డ్ కేసు వేస్తే 1999లో రాజీ కుదిరింది, తర్వాత 2010లో మరో 125 కోట్ల డాలర్లు కేటాయించారు. 2024లో వివక్షకు గురైన 43 వేల మందికి సుమారు 200 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆలోగా 1920లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న నల్ల రైతులు 50 వేల లోపుకు పడిపోయారు. పరిహారం రావడానికి ముందే భూమి పోయింది.

కౌంటీ గీత కూడా కొన్నిసార్లు రైతు అదృష్టాన్ని నిర్ణయిస్తుంది. ఒక పథకంలో 2025కు ముందు కౌంటీ సగటు రాబడి ప్రమాణంలో 86 శాతం కంటే కిందికి పడితేనే డబ్బు వచ్చేది. కౌంటీ అంతా బాగా పండి ఒక్కడి పొలం మునిగితే ఆ ఒక్కడికి ఈ పథకంలో ఏమీ రాదు. 2019లో చైనాతో వాణిజ్య యుద్ధ నష్టానికి పరిహారం కౌంటీకి ఒక రేటుగా పెట్టారు, ఎకరాకు 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా. రోడ్డుకు ఇటు పక్క పొలానికి ఒక రేటు, అటు పక్క దానికి ఇంకో రేటు. 2018, 2019లకు కలిపి 2,300 కోట్ల డాలర్లు పంచితే 2020లో కోవిడ్ సాయంతో ప్రభుత్వ చెల్లింపులన్నీ కలిపి 4,560 కోట్లకు చేరాయి. ఆ ఏడు దేశం మొత్తం రైతుల నికరాదాయంలో దాదాపు సగం అది. బేస్ మీద నడిచే పథకాల డబ్బు పడేది ప్రధానంగా మొక్కజొన్న, సోయా, గోధుమ, పత్తి, వరి, వేరుసెనగ పండించేవాళ్ళకు. మూడింట రెండొంతుల కమతాలు మామూలు ఏడాదిలో ఏ చెల్లింపూ చూడవు.

ఇవన్నీ చదివి సాయమే వద్దనుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. రైతు విత్తేటప్పుడు ధర తెలియదు, కోసేటప్పుడు వాన తెలియదు. ఎరువు, డీజిలు, విత్తనం అమ్మే కంపెనీలు ధర నిర్ణయించి అమ్ముతాయి, రైతు మాత్రం అడిగిన ధరకు అమ్మాలి. 1980ల్లో వడ్డీలు పెరిగి భూమి ధర కూలినప్పుడు అయోవా, నెబ్రాస్కా ఊళ్ళల్లో బ్యాంకులు, బళ్ళు, కొట్లు వరుసగా మూతపడ్డాయి. రైతు పోతే ఊరు పోతుంది. నా అభ్యంతరం కొలమానంతోనే. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం ఆధార ధరలు పెంచింది, వరికి 14 నుంచి 16.90 డాలర్లకు. మనిషికి పరిమితి 1,25,000 నుంచి 1,55,000 డాలర్లకు పెరిగింది. కొత్తగా మూడు కోట్ల ఎకరాల దాకా బేస్ చేర్చే వీలు కల్పించింది. అంటే నేలకు అంటించే గుర్తులు ఇంకా పెరుగుతాయి.

ఆ చెల్లింపుల బరువు మన వరంగల్, ఆదిలాబాద్ పత్తి రైతు మీద కూడా పడింది. అమెరికా పత్తి సబ్సిడీలు ప్రపంచ ధరను దించుతున్నాయని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. అమెరికా పథకాన్ని మార్చుకునేదాకా బ్రెజిల్‌కు ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, 2014లో మరో 30 కోట్లతో గొడవ ముగించింది. బ్రెజిల్‌కు పరిహారం దొరికింది. అదే ధరకు పత్తి అమ్ముకున్న మాలి దేశపు రైతుకూ, మన రైతుకూ దొరకలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజన్‌కు 4 వేలు ఇచ్చింది, తర్వాత 5 వేలు చేశారు. ఏ పంట వేసినా సరే, దళారీ లేడు, దరఖాస్తు లేదు, డబ్బు తిన్నగా రైతు చేతికే. విత్తనాల వేళకు షావుకారు గడప ఎక్కకుండా కాపాడిన మేలు నిజమైనది, రెండెకరాల రైతును అడిగితే చెబుతాడు. కానీ లెక్క పట్టాదారు పాసుపుస్తకం మీద ఉండేది, పైపరిమితి లేదు. యాభై ఎకరాల ఆసామికి ఏటా 5 లక్షలు, రెండెకరాల రైతుకు 20 వేలు, పదెకరాలు కౌలుకు చేసేవాడికి సున్న. అమెరికా 1934లో చేసిన తప్పును మనం 2018లో చేశాం. వాళ్ళు ఆ తర్వాత కనీసం నష్టం మోసేవాడికి చెల్లించాలన్న నియమం పెట్టుకున్నారు, మనం అది కూడా పెట్టుకోలేదు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన రైతుబీమా 5 లక్షలు కూడా పట్టా ఉన్నవాడికే. కౌలు చేసి అప్పులపాలై ప్రాణం తీసుకున్నవాడి ఇంటికి ఆ చెక్కు వెళ్ళదు. 2025 జనవరిలో రైతు భరోసాగా ఏడాదికి ఎకరాకు 12 వేలు మొదలయ్యాయి. సాగు యోగ్యం కాని భూములను తీసేశారు, భూమిలేని కూలి కుటుంబాలకు వేరే పథకం పెట్టారు. ఆ రెండూ మంచి అడుగులే. ఎకరం సాయం మాత్రం పట్టాదారు ఖాతాకే వెళ్తోంది.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2019 రైతు భరోసా ఎకరం లెక్క కాకుండా కుటుంబం లెక్కన 13,500 పెట్టింది, అందులో కేంద్రం పీఎం కిసాన్ 6 వేలు కలిసి ఉన్నాయి. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకూ ఇచ్చింది. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ 20 వేలు కూడా కుటుంబం లెక్కే. కుటుంబాన్ని కొలిస్తే పెద్ద కమతానికి అదనంగా పోయేదేమీ ఉండదు, కౌలు మీద ఒత్తిడి కూడా తక్కువ. ఈ విషయంలో ఆంధ్ర పద్ధతే సరైనదని నా అభిప్రాయం. అక్కడ అడ్డం పడింది సంతకం. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. గోదావరి జిల్లాల్లో కౌలు చేసేవాళ్ళలో చాలామంది నోటిమాట మీదే చేస్తారు. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరన్న భయం వాళ్ళది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందన్న భయం యజమానిది. పాత కౌలుదారీ చట్టాలు మిగిల్చిన భయం అది, దాన్ని తీసిపారేయలేం. 2011 నాటి సాగుదారుల చట్టంలో ఊళ్ళో విచారించి కార్డు ఇచ్చే దారి ఉండేది, ఆచరణ నత్తనడక నడిచినా ఆ దారి సరైనది.

సాగు ఎవరు చేస్తున్నారో తెలియదన్న మాట ఇప్పుడు చెల్లదు. ఈ-పంట నమోదులో గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలం గట్టు మీదికి వెళ్ళి సర్వే నంబరు, పంట, ఫొటో, సాగుదారు పేరు ఎక్కిస్తున్నాడు. వరి చేల మధ్య నిలబడి ఇది ఎవరు నాటారయ్యా అని అడిగితే పక్క పొలం వాళ్ళు కూడా చెబుతారు. ఆ నమోదునే చెల్లింపుకు ఆధారం చేస్తే యజమాని సంతకంతో పనే లేదు. కార్డు ఇచ్చినా భూమి మీద ఎలాంటి హక్కూ రాదని 2019 చట్టమే చెబుతోంది, అలాంటప్పుడు సంతకం షరతు దేనికి? తెలంగాణ కూడా ఇలాంటి నమోదును ప్రతి సీజన్‌లో చేయించి, కుటుంబానికి ఒక పరిమితి వరకే ఇచ్చి, మిగిలిన డబ్బును కౌలుదారుల బీమాకు మళ్ళిస్తే పెద్దగా కొత్త ఖర్చు ఉండదు. ఆంధ్రలో చట్ట సవరణ, తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉత్తర్వు దీనికి చాలు. వచ్చే వానాకాలం నాట్లకు ముందే రెండూ చేయవచ్చు.